అడిగింది ఒకటి, విన్నది మరొకటి: ఈడిపస్ చూపు ఎక్కడ తప్పింది?

గ్రీకు విషాద నాటకం అనగానే చర్చ ‘విధి బలీయం’ అన్న మాటతో మొదలై అక్కడే ఆగిపోతుంది. సోఫోక్లీస్ రాసిన ‘ఈడిపస్ రాజు’ను చాలామంది ఇలాగే చెప్పుకుంటారు. తండ్రిని చంపి తల్లిని పెళ్లాడతావని ఒకడికి జోస్యం చెప్పారు, అతను దాని నుంచి పారిపోయాడు, పారిపోయిన దారిలోనే అది నిజమైంది. కథగా ఇందులో తప్పేమీ లేదు. కానీ నాటకాన్ని ముందు పెట్టుకుని చదివితే లెక్క కుదరదు. ఇందులో 1,530 పంక్తులున్నాయి. జోస్యంలో చెప్పిన రెండు పనులూ మొదటి పంక్తికి ఏళ్ల ముందే అయిపోయాయి. ప్రేక్షకుల కళ్ల ముందు నడిచేది ఒక్క రోజు. ఆ రోజు జరిగేది థీబ్స్ నగరపు పాత రాజు లాయస్‌ను చంపిందెవరన్న విచారణ, దాన్ని నడిపేవాడు ఇప్పటి రాజు ఈడిపసే. సాక్షిని పిలిపించేది అతను, ప్రశ్న వేసేది అతను, చాలించమని భార్య కాళ్లావేళ్లా పడినా వినకుండా ముందుకెళ్లేదీ అతనే. విధి గురించి నాటకం ఏమంటోందో తెలియాలంటే ముందు ఈ విచారణలో ఏ ఆధారం ఎప్పుడు బయటపడిందో, అది అతని చెవిన ఎలా పడిందో పంక్తి పంక్తిగా చూడాలి.

ఈ నాటకం సుమారు క్రీ.పూ. 429 ప్రాంతానిదని ఎక్కువమంది పండితుల అంచనా. ఏథెన్స్‌లోని అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలులో ఉన్న డయోనిసస్ రంగస్థలంలో, ముగ్గురు నటులతో, పాడుతూ వ్యాఖ్యానించే 15 మంది బృందం కోరస్‌తో ఆడిన కాలం అది. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌లో పెద్ద మహమ్మారి వచ్చింది. నాటకం మొదట్లో థీబ్స్ నగరం పంట తెగులుతో, పశువుల చావులతో, కాన్పుల్లో పోతున్న బిడ్డలతో అల్లాడుతూ ఉంటుంది. లాయస్ హంతకుడిని తొలగిస్తేనే ఇది తగ్గుతుందని, అపోలో దేవుడి జోస్యాలు చెప్పే డెల్ఫీ గుడి నుంచి మాట వస్తుంది. అందరికీ తెలిసిన కథే కాబట్టి ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ ప్రేక్షకులకు లేదు. ఇంత తెలివైనవాడికి ఇది ఇంకా ఎందుకు తట్టడం లేదన్నదే వాళ్లను కూర్చోబెట్టింది.

రాత కాదు, వాటా

మనం విధి అని అనువదించే గ్రీకు మాట ‘మొయిరా’. దాని అసలు అర్థం వాటా, పాలు. హోమర్‌లో విందులో వడ్డించిన మాంసం వాటాకూ అదే మాట. మనిషికి దక్కిన ఆయుష్షూ, దక్కిన చావూ ఒక వాటా. మన తలరాతలో రాసేవాడొకడు ఉంటాడు, నుదుటి మీద అక్షరాలుంటాయి. మొయిరాలో ఉన్నది పంపకం మాత్రమే. పైగా తెలుగు పాఠకుడి మనసు వెంటనే ఇంకో ప్రశ్న వేస్తుంది: ఇంత కష్టం వచ్చిందంటే ఏం పాపం చేశాడు? పరీక్షిత్తు తపస్సులో ఉన్న ముని మెడలో చచ్చిన పామును వేశాడు, ముని కొడుకు శపించాడు, ఏడో రోజున తక్షకుడు వచ్చాడు. అక్కడ కారణముంది, గడువుంది, శిక్షుంది. ఈడిపస్ కథలో ఆ మొదటి మెట్టు కోసం వెతికితే దొరకదు.

దొరకకపోవడం పొరపాటు కాదు. క్రీ.పూ. 467లో సోఫోక్లీస్‌కు ముందుతరం నాటకకర్త ఈస్కిలస్ ఇదే వంశం మీద రాసిన నాటకంలో ఆ మెట్టు ఉంది. పిల్లలు లేకుండా పోతేనే నగరాన్ని కాపాడినవాడివవుతావని ఈడిపస్ కన్నతండ్రి లాయస్‌ను అపోలో మూడుసార్లు హెచ్చరిస్తాడు. లాయస్ వినడు. అక్కడ జోస్యానికి షరతుంది, షరతు మీరిన తప్పుంది. సోఫోక్లీస్ ఈ రెండింటినీ తీసేశాడు. అతని నాటకంలో, లాయస్ భార్యగా ఈడిపస్‌ను కని, తర్వాత తెలియక అతన్నే పెళ్లాడిన జొకాస్టా చెప్పే జోస్యం ఒక్క ముక్క: మాకు పుట్టే కొడుకు చేతిలో లాయస్ చావాల్సి ఉంది. ‘అలా చేస్తే’ అన్న మాటే లేదు. లాయస్ ఏ నేరం చేశాడన్న ప్రస్తావనా లేదు. పాపానికి శిక్ష అన్న సులువైన సమాధానాన్ని రచయిత కావాలనే తీసి పక్కన పెట్టాడని ఈ పోలికతో స్పష్టమవుతుంది.

అయితే జోస్యం ఉంటే మనిషి కీలుబొమ్మేనా? ముందుగా తెలియడం వేరు, జరిపించడం వేరు. పంచాంగంలో గ్రహణం రాసి ఉంటుంది, గ్రహణాన్ని తెచ్చేది పంచాంగం కాదు. దేవుడికి తెలుసు, చేసేది మనిషి అని చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. అది సగం నిజమే. పంచాంగం చదివి సూర్యుడు దారి మార్చుకోడు. ఇక్కడ మాత్రం జోస్యాన్ని విన్నవాళ్లే దారి మార్చుకున్నారు. లాయస్‌కు ఆ మాట అందకపోతే బిడ్డను కొండ మీద పారేయించేవాడు కాదు, ఆ బిడ్డ తండ్రి ముఖం తెలిసే పెరిగేవాడు. ఈడిపస్‌కు ఆ మాట అందకపోతే తాను పెరిగిన కొరింత్ నగరాన్ని శాశ్వతంగా వదిలేవాడు కాదు. అంటే జోస్యం తాను చెప్పిన ఘటనకు దారి వేసిన రాళ్లలో ఒకటి. అయినా ఆ దారిలో ప్రతి అడుగూ మనిషి ఆలోచించి వేసినదే. చేయి పట్టి నడిపించిన దేవుడు ఎక్కడా కనిపించడు. ఈ నాటకం గురించి మాట్లాడేటప్పుడు రెంటినీ కలిపి పట్టుకోవాలి, ఒకదాన్ని వదిలేస్తే రెండోది అర్థం కాదు.

డెల్ఫీలో ఒక పొంతన లేని సంభాషణ

నాటకంలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘటన 779 నుంచి 797వ పంక్తి దాకా ఈడిపస్ తన నోటితో చెప్పే గతం. కొరింత్‌లో ఒక విందులో తాగి ఉన్నవాడొకడు, నువ్వు నీ తండ్రికి పుట్టినవాడివి కావని అంటాడు. ఈడిపస్ ఆ రోజంతా ఓర్చుకుని, మర్నాడు తన తల్లిదండ్రులని నమ్ముతున్న కొరింత్ రాజు పోలిబస్‌ను, రాణి మెరోపిని నిలదీస్తాడు. వాళ్లు ఆ తాగుబోతు మీద మండిపడతారు. ఈడిపస్‌కు ఊరట కలుగుతుంది కానీ ముల్లు లోపలే ఉండిపోతుంది. ఎవరికీ చెప్పకుండా డెల్ఫీకి వెళ్తాడు.

అతను అడగడానికి వెళ్లింది ఒకటే: నా తల్లిదండ్రులెవరు? నేను వచ్చిన పనికి సమాధానం ఇవ్వకుండానే అపోలో నన్ను పంపేశాడని అతనే అంటాడు. దానికి బదులు వచ్చిన మాట వేరు: తల్లితో కలుస్తావు, కన్న తండ్రిని చంపుతావు. ఇది వినగానే అతను నక్షత్రాలను చూసి కొరింత్ ఏ దిక్కున ఉందో కొలుచుకుంటూ, ఆ దిక్కుకు దూరంగా నడక మొదలుపెడతాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. కొరింత్ నుంచి పారిపోవడానికి అర్థం ఉండాలంటే అతని తల్లిదండ్రులు కొరింత్‌లోనే ఉండాలి. ఆ సంగతి తేల్చుకోవడానికే కదా అతను డెల్ఫీకి వచ్చింది. ప్రశ్న అలాగే ఉంది, జవాబు రాలేదు. కానీ రెండో మాట ఎంత భయంకరంగా ఉందంటే, ఆ భయంలో మొదటి ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే అతను నడుచుకున్నాడు. దేవుడు అబద్ధం చెప్పలేదు, మోసమూ చేయలేదు. అడిగినదానికీ చెప్పినదానికీ మధ్య ఉన్న ఖాళీని ఈడిపస్ తన ఊహతో పూడ్చుకున్నాడు, పూడ్చినట్టు కూడా గమనించలేదు. ఆ ఊహను నాటకంలో 1,016వ పంక్తి దాకా, అంటే కొరింత్ నుంచి వచ్చిన వార్తాహరుడు ‘పోలిబస్‌కూ నీకూ రక్తసంబంధం లేదు’ అనేదాకా, ఎవరూ కూలదోయరు.

పెద్దవాడెవరితోనూ తగువు పడకుండా, వయసులో పెద్దదైన స్త్రీని పెళ్లాడకుండా ఉంటే సరిపోయేది కదా అని చాలామంది అంటారు. తనకు తండ్రెవరో తెలియదని అనుకునేవాడు అలాగే జాగ్రత్తపడతాడు. ఈడిపస్‌కు తెలుసు, లేదా తెలుసని అనుకున్నాడు. ఎదురొచ్చిన ప్రతి ముసలివాడూ తండ్రి కావచ్చన్న అనుమానానికి అతని మనసులో చోటే మిగల్లేదు.

చూపున్నవాడూ, చూపు లేనివాడూ

పూర్తి నిజం నాటకంలో ఎప్పుడు బయటికి వస్తుంది? చివర్లో అని అందరూ అనుకుంటారు. నిజానికి 362వ పంక్తిలో, అంటే నాటకం నాలుగో వంతైనా గడవకముందే, చూపు లేని ప్రవక్త టైరీసియస్ చెప్పేస్తాడు: నువ్వు వెతుకుతున్న హంతకుడివి నువ్వే. 366లో ఇంకా ముందుకెళ్లి, అత్యంత దగ్గరివాళ్లతో సిగ్గుమాలిన బంధంలో ఉన్నావు, ఏ చెడులో ఉన్నావో నీకు కనపడటం లేదని అంటాడు. దాచినదేమీ లేదు. మరి వినపడలేదెందుకు?

ఆ మాటలు ఏ సందర్భంలో వచ్చాయో చూడాలి. టైరీసియస్ మొదట నోరు విప్పడు, ఇంటికి పంపేయమని బతిమాలతాడు. నగరం చస్తుంటే తెలిసి కూడా చెప్పనంటాడా అని ఈడిపస్‌కు కోపమొస్తుంది. ఆ కోపంలో ఈ హత్యకు కుట్ర పన్నిందే నువ్వని నింద వేస్తాడు. దానికి బదులుగా, తగవులో తిట్టుకు తిట్టుగా, నిజం బయటపడుతుంది. తగవులో వచ్చిన మాటను ఎవరూ సమాచారంగా వినరు, దాడిగా వింటారు. పైగా టైరీసియస్‌ను పిలిపించమన్నది బావమరిది క్రియోన్. సింహాసనం కోసం ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకమన్న అనుమానం ఒక రాజుకు రావడంలో వింతేమీ లేదు. ఈడిపస్ తర్కం తప్పు కాదు, పునాది తప్పు. తాను హంతకుడు కాదన్నది అతనికి ముందే తెలిసిన సంగతి. కాబట్టి ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడు, అబద్ధమాడటానికి ఒక కారణం ఉండాలి, ఆ కారణం క్రియోన్ కావాలి. మంచి బుర్ర తప్పుడు పునాది మీద కట్టడం మొదలుపెడితే ఎంత వేగంగా, ఎంత పకడ్బందీగా కడుతుందో ఈ దృశ్యంలో కనిపిస్తుంది.

371వ పంక్తిని గ్రీకులో పైకి చదవాలి: ‘తుఫ్లొస్ త త్ ఓత తొన్ తె నూన్ త త్ ఒమ్మత్ ఎయ్’. చెవులూ, బుద్ధీ, కళ్లూ అన్నీ గుడ్డివే నీకు అని టైరీసియస్‌ను ఈడిపస్ తిట్టే మాట అది. ఒక్క పంక్తిలో తొమ్మిది తకారాలు. నాలుక పళ్లకు కొట్టుకుంటూ, ఉమ్మినట్టు పలుకుతుంది. 413లో టైరీసియస్ దాన్ని నెమ్మదిగా తిప్పికొడతాడు: నీకు చూపుంది, కానీ ఎలాంటి చెడులో ఉన్నావో, ఎక్కడ ఉంటున్నావో, ఎవరితో కాపురం చేస్తున్నావో కనపడదు.

ఈ కళ్ల మాట గ్రీకు భాషలోనే ఇమిడి ఉంది. ‘నాకు తెలుసు’ అనడానికి గ్రీకులో ‘ఓయ్ద’ అంటారు. దాని మూలార్థం ‘చూశాను’, చూశాను కాబట్టి తెలుసు. సంస్కృతంలో ‘విద్’ ధాతువు నుంచి వచ్చిన ‘వేద’ దీనికి తోబుట్టువు. మనం రోజూ వాడే విద్య, వేదం ఆ కుటుంబంలోవే. ఈడిపస్ పేరు గ్రీకులో ‘ఓయ్దిపూస్’. అసలు అర్థం వాచిన పాదాలవాడు. ‘పూస్’ అంటే పాదం, ఇది కూడా మన ‘పాదం’ మాటకు చుట్టమే. కానీ గ్రీకు చెవికి ఆ పేరులో ‘ఓయ్ద’ కూడా వినపడుతుంది. 397లో ‘ఏమీ తెలియని ఈడిపస్ వచ్చి పొడుపు విప్పాడు’ అని అతను గర్వంగా తన గురించి చెప్పుకుంటాడు. థీబ్స్‌ను పీడించిన రాక్షసి స్ఫింక్స్ వేసిన పొడుపును పక్షి శకునాలు చూసి కాదు, నా బుద్ధితో విప్పానన్నది అక్కడి ఎత్తిపొడుపు. తెలుసన్న మాటా, వాచిన పాదమూ ఒకే పేరులో ఉన్నాయి. ఆ పాదాల సంగతే అతనికి తెలియదు.

రెండు ఆధారాలు, ఒకటే వినపడింది

టైరీసియస్ వెళ్లిపోయాక భర్తను ఊరడించడానికి జొకాస్టా వస్తుంది. జోస్యాలన్నీ ఉత్తివని నిరూపించడానికి తన అనుభవమే చెబుతుంది. కొడుకు చేతిలో చస్తాడని లాయస్‌కు జోస్యం చెప్పారు. అతన్ని చంపింది మూడు దారులు కలిసే చోట పరాయి దొంగలు. ఇక ఆ బిడ్డ సంగతా, పుట్టి మూడు రోజులైనా కాకముందే చీలమండలు బిగించి, మనుషులు తిరగని కొండ మీద పారేయించాడు లాయస్.

716 నుంచి 719 వరకు, నాలుగు పంక్తులు. ఇందులో రెండు ఆధారాలున్నాయి, మూడు దారుల కూడలి ఒకటి, చీలమండలు రెండోది. ఈడిపస్ ఉలిక్కిపడతాడు. ‘మూడు దారులు కలిసే చోటన్నావా?’ అని అడుగుతాడు. కూడలి ఎక్కడ, ఎప్పుడు, లాయస్ ఎలా ఉండేవాడు, వెంట ఎంతమంది అని వరుసగా ప్రశ్నలు వేస్తాడు. జవాబులు కచ్చితంగా వస్తాయి. ఫోకిస్ ప్రాంతం, డెల్ఫీ నుంచీ దౌలిస్ నుంచీ వచ్చే దారులు కలిసే చోటు. మొత్తం ఐదుగురు, ఒక బండి. తల అప్పుడే నెరుస్తోంది, రూపంలో నీకు పెద్ద తేడా లేదు. ఆ ఆఖరి ముక్కను ఆమె మాట వరసకు అనేస్తుంది. అతనూ విని వదిలేస్తాడు.

చీలమండల గురించి మాత్రం ఒక్క ప్రశ్నా లేదు. తన చీలమండల మీద పుట్టినప్పటి నుంచీ మచ్చలున్నాయని అతనికి తెలుసు. 1,033వ పంక్తిలో వార్తాహరుడు ఆ మాట ఎత్తితే, ఆ పాత బాధ ఇప్పుడెందుకని అంటాడు. మరి ఇక్కడ ఎందుకు తట్టలేదు? అతను ఈ క్షణంలో వెతుకుతున్నది హంతకుడిని. టైరీసియస్ వేసిన నిందలో అతన్ని కుట్టింది ‘హంతకుడు నువ్వే’ అన్న ముక్క. కూడలి ఆ ప్రశ్నకు అతుకుతుంది. చీలమండలు ‘నేనెవరిని’ అన్న ప్రశ్నకు అతుకుతాయి. ఆ ప్రశ్న అతని లెక్కలో డెల్ఫీ దారిలోనే మూసేసిన దస్త్రం. మూసేసిన దస్త్రానికి చెందిన కాగితం చేతికొస్తే, అది కాగితమని కూడా తోచదు.

టైరీసియస్ దగ్గర ఆ దస్త్రం ఒక్క క్షణం తెరుచుకుంది. నీ తల్లిదండ్రులకు నేను తెలివైనవాడినేనని ప్రవక్త అనగానే 437లో ఈడిపస్ వెళ్లబోతున్నవాడిని ఆపుతాడు: ‘ఎవరు వాళ్లు? ఆగు, నన్ను కన్నదెవరు?’ డెల్ఫీలో అడిగిన ప్రశ్నే మళ్లీ నోటికొచ్చింది. ఈ రోజే నిన్ను కంటుంది, ఈ రోజే నిన్ను చంపుతుందని జవాబు వచ్చింది. అన్నీ పొడుపు మాటలేనని ఈడిపస్ విసుక్కున్నాడు. పొడుపులు విప్పడంలో పేరు మోసినవాడు ఈ ఒక్కదాన్నీ విప్పడానికి కూర్చోలేదు.

దొంగ ఒకడా, పలువురా?

విచారణలో ఇంకో చిక్కుముడి ఉంది, దాన్ని చాలామంది పాఠకులు దాటేసి వెళ్తారు. లాయస్‌తో వెళ్లినవాళ్లలో ఒక్కడే బతికి వచ్చాడు. చంపింది ఒకడు కాదు, దొంగల గుంపని అతను చెప్పినట్టు 122వ పంక్తిలో క్రియోన్ అంటాడు. మరుసటి పలుకులోనే ఈడిపస్ ‘ఆ దొంగ’ అని ఏకవచనంలో మాట్లాడతాడు. కూడలి సంగతి బయటపడ్డాక అతను ఆశ పెట్టుకున్నది సరిగ్గా ఈ అంకె మీదే. సాక్షి ఇప్పటికీ పలువురు అంటే హంతకుడిని నేను కాను, ఒకడు పలువురితో సమానం కాలేడు కదా అని 842 నుంచి 847 వరకు తేటగా చెబుతాడు. సాక్షిని పిలిపించేది ఈ ఒక్క ప్రశ్న కోసమే.

ఆ సాక్షి గురించి జొకాస్టా అప్పటికే ఒక మాట చెప్పింది. తిరిగి వచ్చి, నువ్వు సింహాసనం మీద ఉండటం చూడగానే, నా చేయి పట్టుకుని, ఈ నగరం కంటికి కనపడనంత దూరం మేత పొలాలకు పంపమని వేడుకున్నాడని. కొత్త రాజును చూసి ఒక పనివాడు ఎందుకంత బెదిరిపోయాడు? ఈడిపస్ అడగలేదు, ఆమె కూడా ఆలోచించలేదు.

ఆ కాపరి 1,110 దాటాక వస్తాడు. ఆలోపు కొరింత్ వార్తాహరుడు కథను మరో మలుపు తిప్పేశాడు. బిడ్డగా నిన్ను నాకిచ్చింది లాయస్ ఇంటి కాపరే అని చెప్పేశాడు. పిలిపించిన సాక్షీ, బిడ్డను అప్పగించిన కాపరీ ఒక్కడే. కాబట్టి వచ్చాక ప్రశ్నలన్నీ బిడ్డ గురించే నడుస్తాయి. దొంగలు ఎంతమంది అన్న ప్రశ్న నాటకం అయిపోయేదాకా ఎవరూ వేయరు. అందువల్ల హత్య ఈడిపసే చేశాడా అన్నది తేలలేదని వాదించిన విమర్శకులూ ఉన్నారు. ఆ వాదన నిలవదు. మూడు దారుల కూడలిలో బండిలో ఉన్న ముసలివాడు తనను రెండు మొనల ముల్లుగర్రతో నెత్తి మీద కొట్టాడనీ, తాను చేతికర్రతో తిరిగి కొట్టి అందరినీ చంపాననీ ఈడిపస్ స్వయంగా ఒప్పుకున్నాడు. పిలిచిన ప్రశ్న వేరు, వేసిన ప్రశ్న వేరు. డెల్ఫీలో జరిగింది తలకిందులుగా ఇక్కడ జరిగింది. అక్కడ తనెవరో అడిగితే చేయబోయే పని గురించి జవాబొచ్చింది. ఇక్కడ చేసిన పని అడగబోతే తనెవరో తేలింది.

గురి తప్పడం, మైల అంటడం

అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రం 13వ అధ్యాయంలో, విషాద నాయకుడు దుర్మార్గం వల్ల కాక ‘హమార్తియా’ వల్ల పడిపోతాడని రాసి, ఈడిపస్ పేరు ఉదాహరణగా ఇచ్చాడు. దీన్ని ‘వ్యక్తిత్వ లోపం’ అని చాలాకాలం పాఠాలు చెప్పారు, ఈడిపస్ అహంకారమే అతన్ని చెడగొట్టిందన్నారు. ఆ క్రియాపదానికి హోమర్‌లో అర్థం విసిరిన బల్లెం గురి తప్పడం. ఎవరు ఎవరో తెలియక జరిగిన పొరపాటన్న అర్థం ఇక్కడ సరిగ్గా కుదురుతుంది. ఈడిపస్‌కు కోపం ఎక్కువే. కానీ శాంతమూర్తి అయినా, తండ్రెవరో తప్పుగా తెలిసినంత కాలం ఆ వలలోనే ఉండేవాడు. 1966లో పండితుడు ఇ.ఆర్. డాడ్స్ ఈ అహంకారం పాఠాన్నీ, కీలుబొమ్మ పాఠాన్నీ రెంటినీ తప్పుపట్టాడు. రంగస్థలం మీద ఈడిపస్ చేసే ప్రతి పనీ అతను స్వేచ్ఛగా ఎంచుకున్నదేనని గుర్తుచేశాడు.

తెలియక చేసినవాడైతే ఊరు వదలాల్సిన అవసరమేమిటన్న ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. గ్రీకులు ‘మియాస్మా’ అన్నదానికి దగ్గరి మాట మైల. చావు మైల ఉన్నవాడు తప్పు చేశాడని ఎవరూ అనరు, అయినా గుడి మెట్లెక్కడు. ఏథెన్స్ చట్టం కావాలని చేసిన హత్యనూ, అనుకోకుండా జరిగినదాన్నీ వేరు చేసి వేర్వేరు చోట్ల విచారించేది. నేరం తీవ్రత ఉద్దేశాన్ని బట్టి మారేది. మైలకు మాత్రం ఉద్దేశంతో పని లేదు. సోఫోక్లీస్ చివరి నాటకం ‘కొలోనస్‌లో ఈడిపస్’లో ముసలి ఈడిపస్ ఈ తేడానే పట్టుకుని, ఆ పనులు నేను చేసినవి కావు, నాకు జరిగినవని గట్టిగా వాదిస్తాడు.

వరస తప్పిన క్రియోన్

జోస్యాలన్నీ ఒక రకం కావనడానికి సోఫోక్లీస్‌దే, సుమారు క్రీ.పూ. 441 నాటి ‘యాంటిగొనీ’ నాటకం చూస్తే చాలు. అదే టైరీసియస్, అదే నగరం, రాజు ఇప్పుడు క్రియోన్. తన ఆజ్ఞ మీరి అన్న శవాన్ని పూడ్చినందుకు ఈడిపస్ కూతురు యాంటిగొనీని అతను బతికుండగానే రాతి గుహలో మూయించాడు. ప్రవక్త మొదట జోస్యం చెప్పడు, సలహా చెబుతాడు: తప్పు అందరూ చేస్తారు, చేసి సరిదిద్దుకునేవాడు చెడిపోడు. క్రియోన్ డబ్బుకు అమ్ముడుపోయావని నింద వేశాకే జోస్యం వస్తుంది.

ఆ తర్వాత క్రియోన్ దిగొస్తాడు. కోరస్ చెప్పిన వరస స్పష్టంగా ఉంది, ముందు అమ్మాయిని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. క్రియోన్ తిరగేసి చేశాడు. ముందు శవం దగ్గరికి వెళ్లి, మిగిలిన భాగాలను కడిగి, దహనం చేసి, మట్టి దిబ్బ పోసి, అప్పుడు గుహకు వెళ్లాడు. అప్పటికి యాంటిగొనీ నార గుడ్డతో ఉరి వేసుకుంది. క్రియోన్ కొడుకు హీమొన్ తండ్రి మీదికి కత్తి దూసి, గురి తప్పి, అదే కత్తితో తనను పొడుచుకున్నాడు. ఆ వార్త విని తల్లి యూరిడికీ ప్రాణం తీసుకుంది. ఇక్కడ విధి అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు పనుల వరస మారింది, అంతే. తప్పు తెలిశాక కూడా బతికున్న మనిషికన్నా శవం సంగతే అతనికి ముందు గుర్తొచ్చింది.

ఇష్టపడి చేసినవి

ఈడిపస్‌కు అలా వెనక్కి తిప్పుకోగలిగినదేదీ మిగల్లేదు. అతనికి మిగిలింది తెలుసుకోవడమా, మానడమా అన్నది ఒక్కటే. జొకాస్టాకు అందరికన్నా ముందే తెలిసిపోయింది. వద్దని బతిమాలి లోపలికి వెళ్లిపోయింది. 1,169లో కాపరి ‘చెప్పరాని మాట అంచున ఉన్నాను’ అంటాడు. ఈడిపస్ జవాబు: ‘నేను వినే అంచున ఉన్నాను. అయినా వినాల్సిందే.’ అపోలో చెప్పిన జోస్యంలో ఈ పంక్తి లేదు.

హోమర్ ‘ఒడిస్సీ’లో ఈడిపస్ నిజం తెలిశాక కూడా థీబ్స్‌లో రాజ్యం చేస్తూనే ఉంటాడు, కళ్లు పొడుచుకున్నట్టు అక్కడ లేదు. సోఫోక్లీస్ ఈడిపస్ ఉరికి వేలాడుతున్న జొకాస్టాను దించి, ఆమె వస్త్రాన్ని పట్టి ఉంచిన బంగారు పిన్నులు తీసి కళ్లలో మళ్లీ మళ్లీ పొడుచుకుంటాడు. దీన్ని చెప్పడానికి వచ్చిన సేవకుడు 1,230లో న్యాయస్థానపు మాటలు వాడతాడు: ఇవి ‘హెకోన్’, ఇష్టపడి చేసినవి. ‘ఆకోన్’, అనుకోకుండా జరిగినవి కావు. టైరీసియస్ అతని గుడ్డితనాన్ని ముందే చెప్పినా సరే, నాటకం దాన్ని ఇష్టపడి చేసిన పనిగానే లెక్క వేస్తుంది. నీ చేత ఇది చేయించిన దేవుడెవరని కోరస్ అడిగితే ఈడిపస్ ఒకే ఊపిరిలో రెండూ చెబుతాడు: అపోలో, మిత్రులారా, నా ఈ బాధలు తెచ్చింది అపోలోనే. కానీ కొట్టిన చేయి నాది, ఇంకెవరిదీ కాదు. రెండు వాక్యాల మధ్య సర్దుబాటు కోసం అతను తడుముకోడు.

ఆఖరి దృశ్యంలో అతను క్రియోన్‌ను అడిగేది వెంటనే దేశం నుంచి వెళ్లగొట్టమని. ఇందులో సందేహానికి తావేముంది, తండ్రిని చంపిన ఆ పాపిని తొలగించమని దేవుడి మాట స్పష్టంగానే ఉంది కదా అంటాడు. క్రియోన్ ఒప్పుకోడు. నిజమే, అలాగే చెప్పారు, అయినా ఇప్పుడున్న స్థితిలో ఏం చేయాలో దేవుడిని ఇంకోసారి అడగడం మేలంటాడు. జవాబు చేతిలో ఉండగానే మళ్లీ డెల్ఫీకి కబురు పంపాలనుకున్నవాడు ఈ నాటకంలో అతనొక్కడే. ఆ జవాబు వచ్చేలోపే నాటకం ముగుస్తుంది. ఈడిపస్‌ను నడిపించుకుంటూ ఇంట్లోకి తీసుకెళ్తారు.